దర్వాజలో తీతువు కాపురం

మా కొత్త ఇంట్లో అందరికంటే ముందు కాపురం పెట్టింది మేము కాదు, ఒక తీతువు పిట్టల జంట. ఈ మాట ఎవరితోనైనా అంటే మా అత్తమ్మ ఇప్పటికీ మూతి తిప్పుకుంటుంది గానీ, కాదని మాత్రం అనదు.

అప్పటికి ఇల్లంటే ఇంకా ఏమీ లేదు. కోరుట్ల పక్కన మా ఊళ్లో, పాత పెంకుటింటికి కాస్త అవతల, పొలాల అంచున మాకో జాగా ఉంది. అందులో పునాది తీసి, పిల్లర్లు లేపి, చుట్టూ బీము పోసి, లోపల మొరం, అంటే గులకరాళ్ల ఎర్రమట్టి, నింపించాం. మొరం నింపి ఊరికే వదిలేస్తే సరిపోదు. పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టాలి. నీళ్లు తాగి తాగి అది కిందికి దిగి గట్టిపడాలి. పిల్లర్లకు గోనె సంచులు చుట్టి వాటినీ తడుపుతూ ఉండాలి. మేస్త్రి తన పని ముగించుకుని పైపు నా చేతిలో పెట్టాడు.

"నీళ్లు పట్టుడు ఆపకు అక్క. నువ్వెంత తడిపితే ఇల్లు గంత గట్టిగుంటది" అని చెప్పి, ఆయన సిరిసిల్ల దిక్కు ఇంకో పనికి వెళ్లిపోయాడు.

ఇక నాకు అదే కొలువు. పొద్దున్నే నీళ్లు పట్టడం, తర్వాత సిమెంటు బస్తాల కోసం వేసిన రేకుల షెడ్డులో చాట ముందేసుకుని బీడీలు చుట్టడం, సాయంత్రం మళ్లీ నీళ్లు. బీడీలు చుట్టే పనిలో ఒక సుఖం ఉంది. ఆకు, తంబాకు, దారం అన్నీ వేళ్లకే తెలుసు కాబట్టి కళ్లు ఖాళీగా ఉంటాయి. ఎవరింట్లో ఎవరు ఏం చేస్తున్నారో చూడడానికే మా వాడలో ఆడవాళ్లు ఆ కళ్లను వాడుతారు. నాకు ఆ ఎండాకాలం పిట్టలు దొరికాయి.

మా ఆయన గల్ఫ్‌లో ఉంటాడు. అక్కడ ఆయన పని దర్వాజలు బిగించడం. ఆకాశానికి అంటే బిల్డింగులు, ఒక్కో అంతస్తులో వరుసగా గదులు. దర్వాజ నిలబెట్టాలి, సూటిగా ఉందో లేదో చూడాలి, బిగించాలి, పక్క గదికి పోవాలి. బిల్డింగు పూర్తయ్యాక ఈ పనివాళ్లను లోపలికి రానివ్వరు. "నేను పెట్టిన తలుపులు ఎవలు తీస్తరో, ఎవలు మూస్తరో నాకేమెర్క" అని ఫోన్లో నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అందుకే మా ఇంటి సంగతిలో ఆయనది ఒకటే పట్టు. మా దగ్గర ఇల్లు కట్టేటప్పుడు గృహప్రవేశం కంటే ముందు ఇంకో పండుగ ఉంటుంది, దర్వాజ ఎత్తడం, అంటే గడపతో సహా గుమ్మం నిలబెట్టడం. పెద్ద దర్వాజకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట వేలాడదీస్తారు. తల్లిగారి వాళ్లు కొత్త బట్టలు తెస్తారు. డప్పులు మోగుతుంటే పదిమంది చేతులు వేసి దర్వాజను ఎత్తి, దాని చోట నిలబెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాతే గోడలు లేస్తాయి. ఇల్లు కడదామని అనుకున్న రోజు నుంచీ ఆయన అదే మాట. "మిగతాయి మీ ఇష్టం. దర్వాజ మాత్రం నేనే నిలబెడత. నేనచ్చే దాక ఎవలు ముట్టద్దు. డప్పులు మంచిగ మోగాలె."

జగిత్యాలలో ఉన్న అయ్యగారు ఆయన సెలవును బట్టి ముహూర్తం చూశారు. ఒక్కటే కుదిరింది. అది దాటితే ఆషాఢం, మంచి రోజుల్లేవు. మళ్లీ మంచి రోజులు వచ్చేసరికి ఆయన తిరుగు విమానం ఎక్కేసి ఉంటాడు. తప్పితే దర్వాజ ఆయన లేకుండానే ఎత్తాలి. తన చెల్లి పెళ్లినీ, మా బిడ్డ పురుడునూ ఫోన్లో చేసుకున్న మనిషి ఆయన. ఇది కూడా ఫోన్లోనే అయితే నేను తట్టుకునేదాన్ని కాదు.

ఇంతలో ఒకరోజు పొద్దున పైపు పట్టుకుని బేస్‌మెంట్ ఎక్కానో లేదో, ఒక పిట్ట అరుచుకుంటూ నా నెత్తి మీదికి దూసుకొచ్చింది. పొడుగాటి పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు, నల్లటి రొమ్ము. చెవి పక్క నుంచి రెక్క గాలి తగిలేంత దగ్గరగా వచ్చి పైకి లేచింది. నేను పైపు వదిలేశాను. అది కింద పడి గిలగిలా కొట్టుకుని నన్నే నిలువునా తడిపింది.

నేను ఊరుకునే రకం కాదు. "నా జాగల నన్నే బెదిరిస్తవా నువ్వు?" అని చీపురు తీసుకున్నాను. అది కాస్త దూరంలో దిగి, అటూ ఇటూ చూసి, పొట్ట సర్దుకుంటూ మెల్లగా నేల మీద కూర్చుంది. ఓహో, గుడ్లు అక్కడున్నాయన్నమాట అనుకుని వెళ్లి చూశాను. ఏమీ లేదు. అది లేచి ఇంకో మూలకు నడిచి, అక్కడా అంతే జాగ్రత్తగా కూర్చుంది. వెళ్లి చూశాను. అక్కడా లేదు. అలా నన్ను బేస్‌మెంట్ అంతా తిప్పింది. అది నాటకమని నాకు తెలిసేసరికి ఎండ ముదిరింది. ఇంత జరుగుతుంటే రెండో పిట్ట ఇసుక కుప్ప మీద నిలబడి, ఒక్క మాట మాట్లాడకుండా చూస్తూ ఉంది.

ఓడిపోయి షెడ్డులోకి వచ్చి చాట ముందేసుకున్నాను. నేను కదలడం ఆపాక అది అసలు చోటుకు నడిచింది. సూటిగా పోలేదు. నాలుగడుగులు వేయడం, ఆగడం, ఏదో ఏరుకుంటున్నట్టు ముక్కు నేలకు పెట్టడం, మళ్లీ నాలుగడుగులు. చివరికి వెళ్లి కూర్చున్నది ఎక్కడనుకున్నారు? పెద్ద దర్వాజ కోసం మేస్త్రి గుర్తు పెట్టి వదిలిన చోట, మూరెడు లోపలికి. అది లేచి వెళ్లినప్పుడు చూస్తే మొరం రాళ్ల మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. మొరం రంగే, మీద నల్లటి మచ్చలు. సన్నటి కొనలన్నీ లోపలికి తిప్పి పేర్చినట్టు ఉన్నాయి. పొద్దున్నే ఇంకో రెండడుగులు వేసి ఉంటే వాటి మీదే కాలు వేసేదాన్ని.

అత్తమ్మకు చెబితే రొమ్ము మీద చెయ్యేసుకుంది.

"తీతువనా? మన దర్వాజ కాడనా? అది మొత్తుకున్న కాడ పీనుగ లేస్తదంటరు! తీసి అవుతల పారేయ్ పిల్లా!"

"గుడ్లు పారేస్తె పాపం తగులదా అత్తమ్మ?"

"పారేస్తె పాపం, ఉంచుతె పీనుగ. గిదేం పెంట వెట్టినవే తల్లీ" అని పిట్టను కాదు, నన్నే తిట్టింది.

మేస్త్రికి ఫోన్ చేస్తే చాలా తేలిగ్గా చెప్పాడు. "గిన్నెలకు ఎత్తి పక్కకు వెట్టు అక్క, గంతే." దానికి అత్తమ్మే అడ్డం పడింది. మనిషి చెయ్యి పడ్డ గుడ్లను తల్లి మళ్లీ ముట్టదని ఆమె నమ్మకం. చివరికి, ముహూర్తం ఇంకా దూరముంది కదా, అప్పటికల్లా పిల్లలై వాటి దారిన అవి పోతాయిలే అని అందరం సర్దుకున్నాం. మా బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. అది ఫోన్లో వెతికి, పొదగడానికి నాలుగు వారాల దాకా పడుతుందని చెప్పింది. గుడ్లు ఎప్పుడు పెట్టాయో మాత్రం ఫోన్‌కు కూడా తెలియదు.

వీడియో కాల్‌లో మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు.

"గంత జాగ వెట్టుకొని దర్వాజ కాడనే ఎందుకు వెట్టినయే?"

"నువ్వు లేవు కదా, ఇల్లు ఖాళీగ ఉన్నదనుకున్నయేమో."

"నేనచ్చేసరికి ఖాళీ చేయించు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కిరాయి కట్టని వాళ్ల గురించి చెప్పినట్టే చెప్పాడు.

ఆ మూల ఒక్కటి వదిలి మిగతా అంతటా నీళ్లు పట్టేదాన్ని. మే నెల ఎండ గురించి మా దగ్గర ఎవరికీ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి ఇనుప సలాకలు ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కేవి. అలాంటి ఒక మధ్యాహ్నం, కూర్చున్న పిట్ట లేచి, పిల్లర్ పక్కన నేను పట్టిన నీళ్లు నిలిచిన చిన్న మడుగులోకి దిగింది. తాగుతుందనుకున్నాను. తాగలేదు. కాళ్లు మడిచి, పొట్ట నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊగింది. లేచి, నీళ్లు కారుతున్న పొట్టతో గబగబా నడిచి వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. అది వెళ్లిన దారంతా మొరం మీద తడి చుక్కలు.

నేను చుడుతున్న బీడీ చేతిలోనే ఆగిపోయింది. నేను నా ఇల్లు తడుపుతున్నాను, అది నా నీళ్లతో దాని ఇల్లు తడుపుకుంటోంది. ఎందుకో చెప్పలేను, నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఆ రోజు నుంచి ఆ మడుగు ఎండిపోకుండా చూడడం కూడా నా కొలువులో కలిసింది.

సంతోషం ఎక్కువైతే మనిషి ఊరుకోడు కదా. ఇంత ఎండలో పాపం అనుకుని, నాకు తెలిసిన విద్యే ప్రయోగించాను. పిల్లర్లకు ఎండ తగలకుండా ఏం చేస్తాం? తడి గోనె చుడతాం. గుడ్లకూ అదే చేస్తే? నాలుగు కట్టెలు పాతి, పైన తడి గోనె సంచి కప్పి, చక్కటి పందిరి వేసి వచ్చాను. కొత్త కోడలికి గది సర్దినంత మురిపెంగా షెడ్డులోకి వచ్చి కూర్చున్నాను.

పిట్టలు రెండూ వచ్చాయి. పందిరిని చూశాయి. ఊరంతా వినపడేలా అరిచాయి. చుట్టూ తిరిగాయి, ఎగిరాయి, దిగాయి, మెడలు చాచి చూశాయి, కానీ దాని కిందికి మాత్రం పోలేదు. నాలుగు దిక్కులూ చూస్తూ కూర్చోవాల్సిన పిట్టకు నేను కప్పు వేసి కళ్లు మూశానని నాకప్పుడు తట్టలేదు. అలవాటవుతుందిలే అని చూస్తూ కూర్చున్నాను. గోనె ఎండి కట్టెలా అయింది. పందిరి నీడ పక్కకు జరిగి, గుడ్ల మీద నేరుగా ఎండ పడింది. పిట్టలు అరుస్తూనే ఉన్నాయి.

చెప్పులు కూడా వేసుకోకుండా కాలే మొరం మీద పరుగెత్తి, కట్టెలన్నీ పీకి అవతల పారేశాను. పిట్ట నా వీపు మీద రెక్కతో ఒకటిచ్చింది. తీసుకోవలసిందే. నేను షెడ్డులోకి వచ్చేలోపే ఒకటి మడుగులో దిగి, పొట్ట తడుపుకుని గుడ్ల మీదికి చేరింది. రెండోది కూడా పొట్ట తడుపుకుని వచ్చి పక్కనే నిలబడింది. ఆ సాయంత్రం దాకా అవి ఒకటి లేస్తే ఒకటి కూర్చుంటూ తడుపుతూనే ఉన్నాయి. నేను బొబ్బలెక్కిన కాళ్లు చన్నీళ్లలో పెట్టుకుని, ఇక ఎవరికీ ఉపకారం చేయనని ఒట్టు పెట్టుకున్నాను.

అత్తమ్మ మనసు మార్చింది మా బర్రె. ఆమె దాన్ని తోలుకొస్తుంటే అది దారి తప్పి, ఇసుక కుప్ప మీదుగా బేస్‌మెంట్ ఎక్కింది. సూటిగా దర్వాజ చోటు వైపు నడిచింది. కూర్చున్న పిట్ట ఎగిరిపోతుందనుకున్నాం. ఎగరలేదు. లేచి నిలబడి, రెండు రెక్కలూ బారుగా చాపి, బర్రె మూతి ముందుకు వచ్చి అరిచింది. ఎదురుగా ఉన్నది కొండంత జంతువు. ఇది గుప్పెడు పిట్ట. బర్రె ఆగింది. ముక్కు ముందుకు చాపింది. పిట్ట ఒక అడుగు ముందుకే వేసింది. బర్రె బుస్సుమని, వెనక్కి తిరిగి వచ్చిన దారినే దిగిపోయింది.

అత్తమ్మ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఓయవ్వ! నేను కట్టెతోని కొట్టినా మర్లది గీ బర్రె" అంది. కర్ర దించి, "దీనికి పీనుగులు లేపే తీరికెక్కడిదే? పిల్లల్ని సూసుకునుడే సరిపాయె" అని తనే తీర్పు చెప్పింది.

ఆ రోజు నుంచి వాడలో ఎవరైనా తీతువు మాట ఎత్తితే ఆమె మీదికి లేచేది. మా సలాకలకూ సిమెంటుకూ అదే కాపలా అని చెప్పుకునేది. కుక్క వచ్చినా, కాకి వాలినా, పక్కింటాయన ఇసుక కోసం తట్ట పట్టుకొచ్చినా ఒకటే అరుపు. పక్కింటాయన తట్ట సంగతి మాకు తెలిసిందే ఆ పిట్ట వల్ల.

మా ఆయన ముహూర్తానికి కొద్ది రోజుల ముందు దిగాడు. అట్టపెట్టెలు ఇంకా విప్పనేలేదు, తెల్లారగానే తన ఇల్లు చూసుకుందామని బేస్‌మెంట్ ఎక్కాడు. పిట్ట ఆయన టోపీ ఎగరగొట్టింది. ఆయన కిందికి దిగిపోయి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గక్కడ సెక్యూరిటోడు రానియ్యడు, గిక్కడ పిట్ట రానియ్యది. ఇగ నేను ఏ ఇంట్లకు పోవాలె?"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. గుడ్లు ఇంకా గుడ్లలాగే ఉన్నాయని తెలిసి మొహం ముడుచుకున్నాడు. కోరుట్లలో చేయించిన టేకు దర్వాజ పాత ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉంది. దాని మీద చెయ్యేసి పైనుంచి కిందికి రాశాడు. "ముహూర్తానికి పిల్లలు గాకపోతె?" అన్నాడు.

పని లేని మనిషి ఎంతసేపని మొహం ముడుచుకుని కూర్చుంటాడు? నా పక్కన షెడ్డులో చేరాడు. నేను బీడీలు చుడుతుంటే ఆయన పిట్టలను చూసేవాడు. రెండో రోజుకు నాకంటే ఎక్కువ చూడడం మొదలుపెట్టాడు. రోజూ తన ప్లాస్టిక్ కుర్చీని కాస్త కాస్త ముందుకు జరిపేవాడు. పిట్ట అరిస్తే ఆగేవాడు, మానుకుంటే మళ్లీ జరిపేవాడు. ఒకటి వచ్చి దగ్గర నిలబడితే, కూర్చున్నది లేచి వెళ్లిపోయేది. వచ్చింది దాని చోట్లో సర్దుకునేది.

"గిండ్ల ఆడిదేది, మొగోడేది?" అని అడిగాడు.

"నాకేమెర్క. రెండు ఒక్కతీరుగనే ఉంటయి. రెండు కూసుంటయి, రెండు కాపల కాస్తయి."

ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. నేను ఆ మాట పొడిగించలేదు. పొడిగిస్తే ఇద్దరిలో ఒకరం ఏడ్చేవాళ్లం, పగటిపూట అందరి ముందూ ఎందుకది?

ముహూర్తం ముందురోజు సాయంత్రం, పిట్ట మడుగుకు వెళ్లిన సందులో మా బిడ్డ పాక్కుంటూ వెళ్లి చెవి పెట్టింది. వెంటనే చేతులూపి వాళ్ల నాన్నను పిలిచింది. ఆయన మొరం మీద బోర్లా పడుకున్నాడు, విమానంలో వేసుకొచ్చిన కొత్త చొక్కాతోనే. గుడ్ల లోపలి నుంచి సన్నగా కీచు కీచుమని వినపడుతోందట. ఒక గుడ్డు మీద చిన్న పగులు కూడా ఉంది. పిట్ట తరుముతుంటే ఇద్దరూ పాక్కుంటూ వెనక్కి వచ్చారు.

"నువ్వు పుట్టినప్పుడు నీ ఏడుపు ఫోన్లనే ఇన్న బిడ్డా" అన్నాడు మా ఆయన, చొక్కా దులుపుకోవడం మరిచిపోయి. "గిట్ల దగ్గర నుంచి ఇనుడు నాకు గిదే మొదలు."

"అంటె నేను తీతు పిట్టనా డాడీ?" అంది అది.

"అరుపుల మాత్రం గంతే" అన్నాను నేను. అప్పుడు నవ్వాడు, వచ్చినప్పటి నుంచి మొదటిసారి నోరారా.

కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. పిల్లలు పుట్టేది సరిగ్గా ముహూర్తం పొద్దున. బోయినపల్లి నుంచి మా అమ్మ, తమ్ముడు సిరిసిల్లలో కొన్న కొత్త బట్టలు పట్టుకుని వచ్చేశారు. చుట్టాలు దిగుతున్నారు. డప్పుల వాళ్లకు చెప్పి ఉంది. పదిమంది తొక్కులాట మధ్య, డప్పుల మోతలో, తడి ఆరని పిల్లలు ఏమవుతాయి? పిట్టలు బెదిరి దూరమైతే వాటిని కాపాడేదెవరు? ముహూర్తం వదులుకుంటే మా ఆయన దర్వాజ మా ఆయన చేతికి రాదు. నేను ఆ రాత్రి అన్నం వేళ ఎవరికేం వడ్డించానో నాకు తెలియదు.

ఆయనే తేల్చాడు. కంచం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "డప్పులు వద్దు" అన్నాడు.

అత్తమ్మ ఉలిక్కిపడింది. "డప్పు లేని దర్వాజనా? నలుగురు ఏమనుకుంటరు కొడుకా?"

"డప్పులు తర్వాత కొట్టిద్దాం అమ్మా. దర్వాజ మాత్రం టైముకే పెడత. సప్పుడు లేకుండ పెడత. గక్కడ ఆఫీసులు నడుస్తుంటె పక్క గదిల దర్వాజలు పెట్టెటోళ్లం. జరంత సప్పుడైతె గుర్రుమందురు. గీ పని నాకచ్చు."

డప్పులు మంచిగా మోగాలని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిన మనిషి! నేను గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

తెల్లారేసరికి రెండు పిల్లలు బయటికొచ్చాయి, ఇంకో రెండు పెంకు పగలగొడుతున్నాయి. ముహూర్తం దగ్గరపడింది. చుట్టాలందరినీ అత్తమ్మ దూరంగా వేపచెట్టు కింద కూర్చోబెట్టి, పెదాల మీద వేలు పెట్టి కాపలా కాసింది. డప్పుల వాళ్లు డప్పులు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. అయ్యగారు మంత్రాలు గుసగుసగా చదివారు. తన జీవితంలో ఇంత మెల్లగా ఎన్నడూ చదవలేదని తర్వాత చెప్పారు.

పసుపు పూసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టిన దర్వాజను మోసుకొచ్చింది ముగ్గురే. మా ఆయన, మేస్త్రి, మా తమ్ముడు. దానికి చెయ్యి తగిలించి వెంట నడిచాను నేను. బయట కాపలా ఉన్న పిట్ట ఒక్కసారిగా మీదపడింది. పాపం దాని కోపమంతా మేస్త్రి మీదే, ఆయన తువ్వాల రెండుసార్లు ఊడదీసింది. గుడ్ల మీదున్న పిట్ట మాత్రం లేవలేదు. పొట్ట కింద తడి పిల్లలున్నాయి కదా. రెక్కలు విప్పి, ఈకలు నిక్కబొడుచుకుని, మూరెడు దూరంలో మమ్మల్ని తిడుతూ కూర్చుంది.

"ఉండు ఉండు, అయిపాయె, అయిపాయె" అంటూ ఉన్నాడు మా ఆయన. నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

దర్వాజ దించేటప్పుడు టక్కుమనలేదు. కింద ముందే తడి గోనె మడిచి పెట్టాడు, నా గోనెకు చివరికి ఓ పని దొరికింది. మెల్లగా నిలబెట్టి, కట్టెలు ఆనించి, తాడు గుండు వేలాడదీసి చూశాడు. అదే చివరిసారి అన్నట్టు, ఒక కన్ను మూసి, ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూశాడు. తల ఊపాడు. మేము అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేశాం. కొబ్బరికాయ కొట్టలేదు. దాన్ని నేను కొంగులో పెట్టుకున్నాను.

చుట్టాలు సప్పుడు చేయకుండా భోజనాలు చేశారు. మా వైపు అలాంటి బంతి ఇంకెప్పుడూ జరిగి ఉండదు. మాంసం ముక్క కావాలన్నా సైగలే. మధ్యాహ్నం వాలేసరికి పిట్ట లేచి, దర్వాజ దాటి బయటికి నడిచి, వెనక్కి తిరిగి మెత్తగా పిలిచింది. ఆ గొంతు దానికి ఉందని మాకు తెలియనే తెలియదు.

పిల్లలు లేచాయి. ఒంటికంటే కాళ్లే పెద్దవి. మెడకు తెల్లటి పట్టీ, ఒళ్లంతా దూది. మొదటిది తూలుకుంటూ వచ్చి గడప ముందు ఆగింది. గడప దానికి గోడంత. మా ఆయన పొద్దున్నే లోపలి వైపు గుప్పెడు మొరం పోసి, బయటి వైపు నేల దాకా చెక్క వాల్చి పెట్టాడని అప్పుడు చూశాను. పిల్ల మొరం ఎక్కి, గడప మీద నిలబడి, అవతలికి బొక్కబోర్లా పడింది. లేచి, చెక్క మీదుగా జారుకుంటూ పరుగెత్తింది.

"కుడికాలు ముందు వెట్టిందా సూసినవా?" అని అత్తమ్మ నా చెవిలో అడిగింది. నేను చూశానని అబద్ధం చెప్పాను.

రెండోది, మూడోది, కాసేపటికి నాలుగోది. అన్నీ గడప దాటి, చెక్క దిగి, పొలం గట్టు వైపు నడిచాయి. ముందు ఒక పిట్ట, వెనకాల ఒక పిట్ట. పైన గద్ద నీడ కదిలితే ఒకే ఒక్క అరుపు. నాలుగూ ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. ఏది పిల్లో, ఏది మట్టిగడ్డో మాకు తెలియలేదు. నీడ పోయాక మళ్లీ లేచి నడిచాయి.

మా ఆయన దర్వాజ పక్కకు వెళ్లి, దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు. అవి గట్టు దాటే దాకా చూశాడు. నేను పక్కకు వెళ్లాను.

"ఎన్ని దర్వాజలు వెట్టిన్నో లెక్కలేదే" అన్నాడు. "నేను వెట్టిన దర్వాజలకెళ్లి ఒకలు నడిసిపోంగ సూసుడు గిదే మొదలు."

కొంగులోంచి కొబ్బరికాయ తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన గడప పక్కన రాయి మీద దాన్ని కొట్టగానే, పొద్దుటి నుంచి చంకలో మగ్గిన డప్పులన్నీ ఒక్కసారి మోగాయి. పొలం గట్టు అవతల నుంచి తీతువు మా అందరినీ కలిపి తిట్టింది.